బ్రైడీ మూడో గీత

అనుమతి పత్రం ఇరవై ఆరు పేజీలు.
వీధి తలుపు ఏ ఎరుపో అందులో ఉంది,
కిటికీ అద్దాల మధ్య పుల్ల
చిటికెన వేలి కన్నా లావు కారాదని ఉంది,
సిమెంటు ముట్టరాదు, సున్నమే,
అదీ మూడు నెలలు నానినదే అని ఉంది.
డబ్లిన్‌లో ఈ చౌక్ నాలుగు వైపులా
ఇటుక ఇటుకకీ కాపలా.
చెత్త తొట్టె గీత దాటి జానెడు జరిగితే
పక్కింటి లాకీ గారి కర్టెన్ కదులుతుంది,
సాయంత్రానికి నోటీసు.
ఇల్లు కట్టి చూడమన్నారు గాని
విప్పి చూడమని ఎవరన్నారు?

"ఫిడెల్మా, 1791లో ఈ గోడ ఏ రంగు?"
అని అడిగింది ఊనా, కౌన్సిల్ మనిషి.
నా కత్తి డాక్టర్ల దుకాణంలో కొన్నది.
మెట్ల మలుపులో, గుమ్మం పక్కన,
ఉల్లిపొర తీసినట్టు తీస్తాను.
పైన తెలుపు: లాయర్ల ఆఫీసు.
కింద మీగడ రంగు, టైపిస్టుల సిగరెట్లు తాగి పచ్చబడినది.
కింద తుప్పు గోధుమ.
దాని కింద
నీలిమందు కలిపిన సున్నం.
దాని కింద మళ్లీ నీలిమందు.
మళ్లీ.
తొమ్మిది పూతలు.

గదికో సంసారం కాపురమున్న రోజులవి.
దొరలు డ్యాన్సాడిన హాలుని
చెక్కలతో నాలుగు ముక్కలు చేసి
ముక్కకింత అని వారం వారం అద్దె గుంజిన రోజులు.
ఎనభై మందికి పెరట్లో ఒక్క కుళాయి.
నల్లులకి భయపడి ఏటేటా నీలం.
పైకప్పున గచ్చు ద్రాక్షగుత్తులు మాత్రం
ఎవరికీ అందకుండా
అలాగే వేలాడాయి.
మా అమ్మమ్మ పుట్టిందీ ఇలాంటి ఇంట్లోనే.
ఏ వీధో చెప్పేది కాదు.

ఆరో నీలం మీద పెన్సిల్ గీతలు,
ఒకదాని పైన ఒకటి, పక్కన పేర్లు.
డెసీ నా భుజం దాకా ఎదిగాడు.
ఇమెల్డా వాణ్ణి దాటింది.
బ్రైడీకి మూడే గీతలు.
మూడోది నా నడుం దగ్గర.
ఆపైన ఖాళీ నీలం.
గోడలకు చెవులుంటాయంటారు, సరే,
నోరు కూడా ఉంటే
ఈ ఇళ్లని ఎవరు కొంటారు?

నా ఫారంలో మూడు గడులు:
రంగు, పదార్థం, కాలం.
చాలాసేపు కూర్చుని
పదార్థం కింద 'పెన్సిల్' అని రాశాను.

ఊనా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.
కోటుకి సున్నం అంటుతుందన్నా లేవలేదు.
ఫొటో తీసింది. మళ్లీ తీసింది.
"మనం కాపాడేది 1791ని" అంది,
ఎవరో తనకి చెప్పిన మాట
నాకు అప్పజెప్పినట్టు.
గీతల మీద పలచటి కాగితం అతికించి
ఆపైన రంగు వేయమంది.
రేపెప్పుడైనా, ఎవరికైనా కావాలంటే
చిరగకుండా విప్పుకోవచ్చు.
ఇరవై ఆరు పేజీల్లో
నాకు నచ్చిన షరతు అదొక్కటే.

అట్టడుగున దొరికింది అసలు రంగు:
బఠానీ పచ్చ, కాస్త పులిసినట్టు.
ఇంటాయన ముఖం చిట్లించాడు,
"ఇంత డబ్బు పోసింది దీనికా?"
పత్రంలో పందొమ్మిదో పేజీ చూపించాం.

చివరి వారం పిల్లాణ్ణి తీసుకొచ్చారు, హ్యూగోని.
ఖాళీ ఇల్లు, వాడి కేకకి వాడే మురిసి
మెట్లన్నీ ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి
ఆ గుమ్మం పక్కనే
గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.
రంగు ఆరలేదురా అనబోయాను.
ఆలోపే నా కళ్లు
వాడి తల ఎంతవరకు వచ్చిందో చూశాయి.

చొక్కా వెనక పచ్చ మరక.
వాళ్లమ్మ తిట్టింది, నన్ను.
అందరూ వెళ్లాక ఆ కాస్త చోటా
మళ్లీ దిద్దాను.
ఒక పూత ఎక్కువే పడింది.
నేనుండేది రెండు బస్సుల దూరం.
మొదటిది వెళ్లిపోయింది.